దొరకని డబ్బా, బదులు పొగాకు

దేశం వదిలి వచ్చినవాళ్ళకు మొదట పట్టుబడే విద్య బదులు వెతుక్కోవడం. బొంబాయి రవ్వ దొరకని ఊళ్ళో క్రీమ్ ఆఫ్ వీట్ డబ్బా తెచ్చి ఉప్మా చేసుకున్నాం. మరమరాలు లేకపోతే రైస్ క్రిస్పీస్‌కు తాలింపు పెట్టాం. కోవా బదులు బిస్క్విక్ పిండిలో పాలపొడి కలిపి గులాబ్‌జామ్ అన్నాం. పుల్లటి పచ్చ ఆపిల్ ముక్కలకు ఆవపిండీ కారమూ పట్టించి, దానికి ఆవకాయ అని పేరు పెట్టి, వచ్చిన చుట్టాల చేత అవుననిపించాం. ఈ వంటింటి చరిత్ర ఎవరైనా ఓపికగా రాయవలసినదే. నేను ఇక్కడ చెప్పబోయేది ఆ జాతికే చెందిన ముచ్చటే గాని వంటింటిది కాదు. పైపులో వేసుకునే పొగాకుది.

ఇది పొగ తాగమని ప్రోత్సహించే వ్యాసం కాదని ముందే మనవి. మన సంఘంలో డాక్టర్లు ఎక్కువ. 1964లో ఈ దేశపు సర్జన్ జనరల్ నివేదిక వెలువడ్డాక పొగ మానమని రోగులకు చెప్పవలసిన బాధ్యత వాళ్ళదే అయింది. అయినా 1960లలో, 70లలో వచ్చిన మన ప్రొఫెసర్లలోనూ ఇంజనీర్లలోనూ పైపు పట్టినవాళ్ళు లేకపోలేదు. ఇంగ్లండులో ఎఫ్.ఆర్.సి.ఎస్. చేసి ఇటు దిగిన డాక్టర్లు కొందరు అక్కడి అలవాటును పెట్టెలో పెట్టుకుని మరీ వచ్చారు. ఇక్కడి మందుల షాపుల్లో ప్రిన్స్ ఆల్బర్ట్, సర్ వాల్టర్ రాలీ లాంటి సరుకు కావలసినంత దొరికేది. కాని ఇంగ్లీషు మిశ్రమాలు మరిగిన నాలుకకు అవి చప్పగా తోచేవి. పెద్ద నగరాల్లో ఒకటో రెండో పొగాకు అంగళ్ళలో, అదీ తెప్పించినప్పుడే, బాల్కన్ సొబ్రానీ గాని డన్‌హిల్ గాని దొరికేది. అందుకని లండను మీదుగా ఇండియా వెళ్ళి వచ్చేవాళ్ళకు చిట్టీ రాసి ఇవ్వడం ఉండేది. దొరకని పొగాకుకు బదులు వెతకడమనే పని అప్పట్లోనే మొదలైంది. నేటికీ పూర్తి కాలేదు.

సరుకు ఎందుకు దొరకకుండా పోతుందో తెలియాలంటే ముందు డబ్బాలో ఏముంటుందో తెలియాలి. పైపు పొగాకు ఒక ఆకు కాదు, సాంబారు పొడి లాగా కూర్పు. వర్జీనియా ఆకులో చక్కెర ఎక్కువ, కాస్త తీపిగా, నిప్పు తగిలితే నాలుక చురుక్కుమనేలా ఉంటుంది. బర్లీలో చక్కెర దాదాపు ఉండదు. దానికి వేరుసెనగ పొట్టు లాంటి వాసన ఉండి, ఏ పరిమళం కలిపినా పీల్చుకుంటుంది. గ్రీసు, టర్కీల చిన్న ఆకు ఎండబెట్టినది, సుగంధం దాని సొత్తు. వీటి పైన లటాకియా, పెరీక్ అనేవి రెండూ మసాలా దినుసుల వంటివి. కొంచెం వేస్తే చాలు, మిశ్రమం పేరే మారిపోతుంది.

లటాకియా సిరియాలోని రేవు పట్నం పేరు. అక్కడి కొండల్లో ఆకును కట్టెల పొగ మీద నెలల తరబడి వేలాడదీసి నల్లబడే దాకా ఉంచేవారు. 20వ శతాబ్దం గడిచేకొద్దీ అది తగ్గి, సైప్రస్‌లో అదే పద్ధతిలో చేసిన ఆకు దాని చోటు ఆక్రమించింది. నేడు డబ్బా మీద లటాకియా అని ఉంటే అది సాధారణంగా సైప్రస్‌దే. రెండూ ఒకటి కావని పాత తాగుబోతులు (పొగ తాగేవారిని గురించే అంటున్నాను) గట్టిగా వాదిస్తారు. నిజమే, ఒకటి కావు. కాని ఇప్పుడు కావలసినది సైప్రస్‌దే అని పట్టుబట్టే కొత్తతరం కూడా తయారైంది. బదులు వచ్చినదానికి ఒక తరం అలవాటు పడితే అదే అసలు.

పెరీక్ కథ మరీ బాగుంటుంది. లూసియానా రాష్ట్రంలో న్యూ ఆర్లియన్స్‌కూ బాటన్ రూజ్‌కూ మధ్య సెయింట్ జేమ్స్ పారిష్ అని ఒక చిన్న జిల్లా ఉంది. మిసిసిపి ఒండ్రు పేరుకున్న ఆ కాస్త నేలలోనే ఈ పంట. అక్కడి చోక్టా ఆదివాసుల పద్ధతిని 1820లలో పియెర్ షెనే అనే ఫ్రెంచి రైతు నేర్చుకుని పెంపు చేశాడని చెబుతారు. ఆరిన ఆకు ఈనె తీసి, తడిపి, మెలిపెట్టి, సారా పీపాల్లో కుక్కి, పైనుంచి మర జాకీతో బిగిస్తారు. ఆకు తన రసంలో తానే ఊరుతుంది. మధ్య మధ్య తీసి గాలి తగలనిచ్చి మళ్ళీ బిగించడం, ఇలా సుమారు ఏడాది. ఇది ఊరగాయ అని వేరే చెప్పాలా! జాడీ, మూకుడు, పైన రాయి, మూడోనాడు తిరగ కలపడం అన్నీ మనకు తెలిసినవే.

1990ల చివరికి ఈ పంట వేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కించేంత మంది మిగిలారు. ఆకు చాలక కెంటకీ రాష్ట్రపు గ్రీన్ రివర్ బర్లీని తెచ్చి, అదే ఊళ్ళో అదే పీపాల్లో ఊరబెట్టి, అసలు పెరీక్‌తో కలిపి అమ్మారు. తర్వాత ఒక సిగరెట్టు కంపెనీ, శాంటా ఫే వాళ్ళు, పెరీక్‌ను తమ సిగరెట్టులో వాడడం మొదలుపెట్టాక కొందరు రైతులు తిరిగి ఆ పంటకు వచ్చారు. ఆకు కొనేవాడు ఒక్కడు వచ్చేసరికి పొలం బతికింది. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోవాలి, మన గుంటూరు విషయంలో మళ్ళీ వస్తుంది.

ఇక డబ్బాల సంగతి. లండనులోని సొబ్రానీ వారి బాల్కన్ మిశ్రమానికి గ్రీసులోని యెనిజె ప్రాంతపు ఆకు ప్రాణమని పేరు. 1980ల తొలినాళ్ళలో అది గాలహర్ కంపెనీ చేతికి పోయింది. రుచి మారిందని కొందరన్నారు. ఆ తర్వాత అసలు అంగళ్ళలోంచే మాయమైంది. 2011లో జెర్సీ దీవిలోని జర్మెయిన్ వాళ్ళు అదే పేరుతో మళ్ళీ చేశారు. ఆల్‌ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండను డ్యూక్ స్ట్రీట్‌లో అంగడి పెట్టి, వచ్చిన ఒక్కొక్కరికీ వాళ్ళ నాలుకకు తగ్గట్టు పొగాకు కూర్చి, ఆ పాళ్ళను పుస్తకంలో అంకె వేసి రాసి పెట్టేవాడు. మై మిక్స్చర్ 965 అనేది అలాంటి అంకె. డన్‌హిల్ పేరుతో పైపు పొగాకు 2018 నాటికి ఆగిపోయింది. ఎర్లీ మార్నింగ్ పైప్, నైట్‌క్యాప్ వంటివి పీటర్సన్ పేరు తగిలించుకుని మళ్ళీ వచ్చాయి. అదే 2018లో కాన్సస్ సిటీలోని మెక్‌లెలండ్ కంపెనీ మూతపడింది. వారికి ఎర్ర వర్జీనియా ఆకు మంచిది దొరకడం కష్టమైపోయింది. అమెరికాలో పొగాకు కోటాలు, మద్దతు ధరలు 2004 చట్టంతో రద్దయ్యాక చిన్న రైతులు చాలామంది ఆ పంట వదిలేశారు మరి.

త్రీ నన్స్ అని గ్లాస్గో బెల్ వారి సరుకు ఒకటి. బిళ్ళలుగా కోసిన ఆకు, మధ్యలో పెరీక్. కొన్నేళ్ళకు ఆ పెరీక్ తీసేసి కెంటకీ ఆకు పెట్టారు. డబ్బా అదే, ముగ్గురు సన్యాసినులూ అలాగే ఉన్నారు. దీనివల్ల నాకు తోచేది, పేరును పట్టుకుని వెతికేవాడికి బదులు దొరకదని. ఆకును పట్టుకుని వెతకాలి. పేరు మారని డబ్బా కన్నా, పేరు వేరైనా అదే ఆకు అదే పాళ్ళలో ఉన్న మరో డబ్బా అసలుకు దగ్గర.

ఈ సూత్రంతో వెనక్కి నడిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. మనం అసలు అనుకునే వర్జీనియా పొగాకు కూడా ఒకప్పుడు బదులు సరుకే. 17వ శతాబ్దపు తొలి రోజుల్లో లండనులో పొగాకంటే స్పెయిన్ వారి వెస్టిండీస్ ఆకు. జేమ్స్‌టౌన్‌లో దిగిన ఇంగ్లీషువాళ్ళకు అక్కడి ఆదివాసుల పొగాకు ఘాటుగా ఉండి రుచించలేదు. అది వేరే జాతి మొక్క. మన బీహారు, గుజరాతుల్లో హుక్కాకూ నమలడానికీ వాడే జాతి. 1612లో జాన్ రోల్ఫ్ అనే అతను స్పెయిన్ వారి ఏలుబడి ప్రాంతాల నుంచి వచ్చిన విత్తనం సంపాదించి వేసి చూశాడు. రెండేళ్ళలో అతని ఆకు లండను చేరింది. స్పెయిన్ సరుకంత బాగా లేదు గాని, ధర తక్కువ, పైగా సొంత రాజ్యానిది. వర్జీనియా ఆ విధంగా పుట్టింది. ఆ పంట కోసం ఆఫ్రికా నుంచి మనుషులను తెచ్చి బానిసలను చేయడం కూడా ఆ వెనకే వచ్చింది.

ఆ తర్వాతి పెద్ద మలుపుకు కారకుడు ఒక బానిసే. 1839లో ఉత్తర కెరొలైనా, కాస్వెల్ కౌంటీలో ఆబిషా స్లేడ్ అనే ఆసామి పొలంలో స్టీఫెన్ అనే యువకుడు రాత్రి బ్యారన్ దగ్గర నిప్పు కాపలా కాస్తూ నిద్రపోయాడు. లేచి చూస్తే నిప్పు చల్లారుతోంది. పక్కనున్న కమ్మరి కొలిమి బొగ్గులు తెచ్చి పడేశాడు. ఒక్కసారిగా పెరిగిన వేడికి ఆకు పసుపు పచ్చగా మెరిసిపోయింది. ఆ పసుపే తర్వాత ప్రపంచమంతా కోరుకున్నది. ఆసామి బాగుపడ్డాడు. 

ఇప్పుడు మన దేశానికి వద్దాం. పొగాకు మనకు పోర్చుగీసువారి ద్వారా చేరింది. 1600 దాటిన కొద్ది ఏళ్ళకే బీజాపూరు నుంచి అసద్ బేగ్ అనే రాయబారి అక్బరు దర్బారుకు దాన్ని తీసుకువెళ్ళాడు. ఆశ్చర్యమేమంటే ఇతరులు చాలామంది టొబాకో, తంబాకు అని బయటి పేరే వాడుకుంటుంటే తెలుగువాడు పొగ, ఆకు అని సొంత పేరు పెట్టుకుని సొంతం చేసేసుకున్నాడు. కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి చెప్పిన చదువులో చుట్ట భాగం ఎంతో మీకు తెలుసు. అమృతపు చుక్క పడి పొగచెట్టు మొలిచిందన్న పద్యం రానివాడు మనలో తక్కువ.

గోదావరి లంకల్లో ఏటి వరద దింపిన ఒండ్రు మీద పెరిగిన ఆకుకు పెద్ద పేరుండేది. ఇంగ్లీషువాళ్ళు ఆ చుట్టను 'లంకా' అనే పిలిచారు, హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఆ మాట ఉంది. 1890లో వచ్చిన కానన్ డాయిల్ నవల సైన్ ఆఫ్ ఫోర్‌లో షెర్లాక్ హోమ్స్ పొగాకుల బూడిదల మీద తాను రాసిన పుస్తకం గురించి గొప్పగా చెప్పుకుంటాడు. హంతకుడు కాల్చినది ఇండియా లంక చుట్ట అని తేలితే వెతకవలసిన మనుషులు ఎంత తగ్గిపోతారో చూడమంటాడు. పైపు నోట్లోంచి తీయని ఆ మనిషికి మన గోదావరి లంకలు తెలియడం సరదాగా లేదూ!

లంక పొగాకు కాకినాడ రేవు నుంచి రంగూనుకు ఓడల్లో వెళ్ళేది. బర్మా చుట్టల్లో అది కలిసేది. మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు వేలకు వేలు ఆ ఓడల్లోనే వెళ్ళారు. లండను నుంచి సొబ్రానీ తెప్పించుకున్న డాక్టరుగారి కన్నా అరవై డెబ్బై ఏళ్ళు ముందే, సముద్రం దాటిన తెలుగువాడి వెనకాల అతని పొగాకు నడిచిందన్నమాట. (ఆ జిల్లాల్లోనే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు, అదీ ముఖ్యంగా ఆడవాళ్ళలో, ఉండేది. దానివల్ల అంగిట్లో క్యాన్సరు వస్తోందని ఆంధ్ర వైద్యులు 1950లలోనే రాశారు. ఇక్కడి డాక్టరు మిత్రులు పాఠ్యపుస్తకాల్లో చదివే ఉంటారు.)

ఇదంతా నాటు పొగాకు. గుంటూరుకు వర్జీనియా రావడం వేరే కథ, దాని మూలం లండనులోని పన్నుల పుస్తకంలో ఉంది. 1919లో బ్రిటిషు ప్రభుత్వం సామ్రాజ్య దేశాల పొగాకు మీద సుంకం ఆరో వంతు తగ్గించింది. 1925లో ఆ తగ్గింపును నాలుగో వంతుకు పెంచింది. పొగాకు సుంకం మామూలు సుంకం కాదు, కొన్నిసార్లు ఆకు ధరను మించి ఉండేది. కాబట్టి అమెరికా ఆకుకు బదులు సామ్రాజ్యంలో ఎక్కడైనా అలాంటిదే పండితే లాభం. ఇంపీరియల్ టుబాకో వారి అనుబంధం ఐ.ఎల్.టి.డి. కంపెనీ అప్పటికే గుంటూరు ప్రాంతంలో ఆకు కొంటోంది. 1920లో ఆ జిల్లా నల్లరేగడిలో వర్జీనియా విత్తనం వేసి చూశారు. 1928 నాటికి బ్యారన్‌లో వేడి గొట్టాలు పెట్టి క్యూరింగ్ చేయడం కూడా మొదలైంది. చీరాలలో ఆకు ఫ్యాక్టరీ వెలిసింది. హారిసన్ స్పెషల్ అనే విత్తనం రైతుల నోళ్ళలో నలిగి హారిసన్ అయింది.

ఇక్కడ ఒక చిక్కు. వర్జీనియా, కెరొలైనాల్లో ఈ ఆకు పండేది తేలికపాటి ఇసుక నేలల్లో. గుంటూరుది బరువైన నల్లరేగడి. వానాకాలం నేల తాగిన తడిని నమ్ముకుని అక్టోబరు, నవంబరుల్లో నారు నాటి, ఆ తడి మీదనే పండించాలి. అలా పండిన ఆకుకు రంగు బాగానే వచ్చేది గాని వాసన, ఘనం తక్కువ. వ్యాపారపు భాషలో దాన్ని ఫిల్లర్ అన్నారు, అంటే నింపుడు ఆకు. అమెరికా ఆకు వాసన ఇస్తుంది, గుంటూరు ఆకు డబ్బా నింపుతుంది. సిగరెట్టు కాల్చేవాడు రుచిలో చిన్న తేడా వచ్చినా కనిపెడతాడు, అందుకని బ్రిటన్‌లో సామ్రాజ్యపు ఆకు మొదట ఎక్కువగా చోటు సంపాదించుకున్నది పైపు మిశ్రమాల్లో. నొక్కి, ఉడికించి, పరిమళం పట్టించే పైపు పొగాకులో కొత్త ఆకు ఇమిడిపోతుంది. చవక డబ్బా కొన్న ఇంగ్లీషు గుమాస్తా అమెరికా పొగాకు తాగుతున్నాననుకుంటూ మన ఆకు కొంత తాగాడు. బదులు వెతుకుతున్న మన పైపు పెద్దలకు ఈ సంగతి తెలిసి ఉంటే నవ్వుకునేవారు.

ఆ ఆకు వెనక పని ఎంతో, పల్లెలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర లేదు, పిల్లల కోసం రాస్తున్నాను. నారుమళ్ళు పోసి, మొక్కకు మొక్కకు లెక్కగా నాటి, పూత రాగానే తల తుంచి, పిలకలు తీసి, కింది నుంచి పండిన ఆకు పండినట్టు కోసి, కర్రలకు అల్లి బ్యారన్‌లో వేలాడదీస్తారు. అయిదారు రోజులు నిప్పు ఆరకూడదు. మొదట తొంభై అయిదు, వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఆకు పసుపెక్కాలి, తర్వాత మెల్లగా పెంచుతూ ఈనె ఎండడానికి నూటఅరవై దాకా తీసుకుపోవాలి. తొందరపడితే ఆకు పచ్చగా ఉండిపోతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. పొయ్యిలోకి సింగరేణి బొగ్గు, మరికొన్ని చోట్ల కట్టె. స్టీఫెన్ లాగా కునుకు తీస్తే ఇక్కడ మంచి జరగదు, ఏడాది కష్టం బ్యారన్‌తో సహా కాలిపోవచ్చు. క్యూరింగ్ అయ్యాక గ్రేడింగు ఆడకూలీలది. ఆకు ఆకునూ వెలుతురుకు పెట్టి చూసి రంగుల వారీగా వేరు చేస్తారు. ఆ కార్ఖానాల దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందో వేరే చెప్పాలి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్ దగ్గర డాలర్లు లేవు. 1947 బడ్జెట్‌లో పొగాకు సుంకం ఒక్కసారిగా పెంచేశారు, డాలర్లు పెట్టి కొనే అమెరికా ఆకు వాడకం తగ్గించడానికి. ముసలి పింఛనుదార్లు గోల పెడితే వాళ్ళకు మాత్రం పొగాకు మీద రాయితీ చీట్లు ఇచ్చారు! డాలరు అక్కరలేని ఆకు కావాలి కనుక రొడీషియా, ఇండియాల వైపు కొనుగోలుదార్లు చూశారు. ఆ ఏడాదే రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. 1950లలో గుంటూరు, ఒంగోలు, చిలకలూరిపేట, చీరాల చుట్టుపక్కల బ్యారన్లు పుట్టగొడుగుల్లా లేచాయి.

1965 నవంబరు 11న రొడీషియాలోని తెల్లవాళ్ళ ప్రభుత్వం తనకు తాను స్వతంత్రం ప్రకటించుకుంది. బ్రిటన్ వెంటనే వారి పొగాకు కొనడం మానేసింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి ఆంక్షలు వచ్చాయి. ఆఫ్రికాలో ఎవరో చేసిన పనికి ఒంగోలు పక్క పల్లెలో ఆకు ధర లేచింది. 1966 జూనులో రూపాయి విలువ తగ్గించడం దీనికి తోడైంది. ఆ దేశమే జింబాబ్వేగా మారి 1980లో స్వతంత్రమయ్యేసరికి కొనేవాళ్ళు తిరిగి అటు వెళ్ళారు. మనకు సోవియట్ యూనియన్ పెద్ద గిరాకీ అయింది. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. పెరీక్ రైతు దగ్గరికి కొనేవాడు రావడం గురించి పైన రాశాను. గుంటూరు రైతు దగ్గరికి కూడా కొనేవాడు వచ్చాడు, కాని వచ్చింది అతని ఆకు మీది మోజుతో కాదు, ఇంకొకరిది దొరకక. అది దొరికిన రోజున వెళ్ళిపోతాడు.

ఈ గాలివాటం తట్టుకోవడానికి 1975 చట్టం ప్రకారం 1976 జనవరి 1న గుంటూరులో పొగాకు బోర్డు వచ్చింది. అంతకు ముందు రైతు తన బేళ్ళు వ్యాపారి గోదాముకు తోలుకుపోయి, అతను చెప్పిన గ్రేడు, చెప్పిన ధర, ఇచ్చినప్పుడు డబ్బు అన్నట్టుండేది. వేలం 1984లో కర్ణాటకలోనూ 1985లో ఆంధ్రలోనూ ప్రవేశపెట్టారు. టంగుటూరు, కొండపి, కందుకూరు వేలం కేంద్రాలు రైతుకు కొంత మేలు చేశాయనే నా అభిప్రాయం, కనీసం ధర పదిమంది ముందు పలుకుతుంది. అయినా ఆకు అమ్ముడుపోక 2000-01లో ఆంధ్రలో ఏకంగా పంట విరామం ప్రకటించవలసి వచ్చింది. 2015లో ధరలు పడిపోయినప్పుడు ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఈ వార్త ఇక్కడి మన పత్రికల్లో రావలసినంతగా రాలేదని నాకు బాధ.

ఎందుకంటే ఈ దేశానికి వచ్చిన మన తొలి తరంలో కోస్తా జిల్లాల కుటుంబాలు ఎన్నో బ్యారన్ డబ్బు మీద పైకి వచ్చినవే. గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో పెట్టారు. ఆకు బాగా పలికిన ఏడు కొడుకును మెడిసిన్‌కు పంపి, పలకని ఏడు పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన తండ్రులు ఉన్నారు. 1965 చట్టంతో అమెరికా వలసల తలుపు తెరిచాక ఆ కొడుకులు ఇటు వచ్చారు. వాళ్ళలో ఒకాయన డెట్రాయిట్‌లోనో హ్యూస్టన్‌లోనో సాయంత్రం పైపు ముట్టించి, ఇంగ్లండు డబ్బా దొరకడం లేదే అని విచారించినప్పుడు, ఆ డబ్బాలోకి ఒకప్పుడు తన తాతగారి ఊరి ఆకు వెళ్ళి ఉండవచ్చునన్న ఆలోచన ఆయనకు వచ్చి ఉండదు. రావడానికి డబ్బా మీద ఏమీ రాసి ఉండదు. పొగాకు వ్యాపారంలో వర్జీనియా అంటే ఊరు కాదు, రకం. బ్రెజిల్‌లో పండినా, జింబాబ్వేలో పండినా, కొండపిలో పండినా అది వర్జీనియాయే.

బదులు వెతికే మిత్రులకు నేటి స్థితి కూడా చెప్పి ముగిస్తాను. 2016 ఆగస్టులో అమలులోకి వచ్చిన ఎఫ్.డి.ఎ. నిబంధనలతో పైపు పొగాకు కూడా ఆ శాఖ కిందికి వచ్చింది. 2007 ఫిబ్రవరి 15 నాటికి ఇక్కడి మార్కెట్టులో లేని మిశ్రమాన్ని అమ్మాలంటే అనుమతి కావాలి. అంగట్లో ఆకులు కలిపి అమ్మే దుకాణదారు కూడా తయారీదారు కిందే లెక్క. అందుచేత ఆగిపోయిన సరుకుకు నకలు చేసి అమ్మడం చిన్న వ్యాపారికి తలకు మించిన పని. ఇంట్లో ఎవరి పాళ్ళు వారు కలుపుకోవడానికి మాత్రం అడ్డు లేదు, డన్‌హిల్ పుస్తకం మళ్ళీ ఎవరి ఇంట్లో వారు రాసుకోవడమే. లటాకియా, టర్కీ ఆకు, వర్జీనియా విడివిడిగా ఔన్సుల లెక్కన తెప్పించుకుని, ఒక్కసారిగా ఎక్కువ కలపకుండా, గాజు సీసాలో మూత బిగించి కనీసం రెండు నెలలు ఊరనివ్వాలి. కలిపిన రోజున ఏ ఆకు రుచి దానిదే, కొత్తావకాయ లాగా. సీసా మీద తేదీ, పాళ్ళు రాసి అంటించడం మరవకూడదు. మళ్ళీ కలపాల్సి వచ్చినప్పుడు నోటి జ్ఞాపకం పనికిరాదు.